నగ్మా కూర్చున్న ఫోటో

గుల్జార్ బడి గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి రెండో తరగతి గ్రూపు ఫోటో తీస్తున్నారు. పిల్లలందర్నీ మెట్ల మీద వరసలుగా నిలబెట్టారు. కింద కుర్చీల్లో టీచర్లు, నడిమి కుర్చీలో హెడ్మాస్టరు యలమందగారు. ఫోటోగ్రాఫరు ఒక మోకాలు నేలకానించి "ఇటు చూడండి, నవ్వండి" అంటున్నాడు. గుల్జార్ కళ్ళు కూతురి కోసం పై వరస నుంచి కింది వరస దాకా వెతికాయి. మళ్ళీ కింది నుంచి పైకి వెళ్ళాయి. నగ్మా లేదు.

జ్వరం వచ్చిందేమో, మెట్ల మీంచి పడిందేమో, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి రోడ్డెక్కిందేమో అని ఆ కాసేపట్లోనే ఆమె మనసు అద్దంకి సెంటరు దాకా పరుగెత్తి వచ్చింది. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నాలుగడుగులు ముందుకేసింది. అప్పుడు కనపడింది. వరండా చివర పిల్లల క్యారేజీ సంచుల గుట్ట పక్కన, వాటికి కాపలా పెట్టినట్టు నగ్మా ఒక్కతే కూర్చుని ఉంది. ఎర్ర రిబ్బన్లలో ఒకటి ఊడి భుజం మీద వేలాడుతోంది. సంచుల్ని రంగు రంగుకీ వేరు చేసి వరసగా పేరుస్తోంది. తల్లిని చూసి లేచి గెంతింది.

"మూడుసార్లు తీశామమ్మా," అన్నారు యలమందగారు, ఫోటో అయ్యాక గుల్జార్‌ని పిలిచి. "మూడుసార్లూ మీ అమ్మాయే కదిలింది. ఒకసారి తల తిప్పింది. ఒకసారి వంగింది. ఒకసారి అసలు వరసలోనే లేదు. ఒక్క పిల్ల కోసం క్లాసు మొత్తం ఫోటో చెడగొట్టుకోలేం కదా."

ఎందుకు వంగిందో అడిగారా సార్ అని అడగాలనుకుంది గుల్జార్. నోట్లోంచి మాత్రం "సరే సార్" అని వచ్చింది.

"ఫోటో ఒక్కటే కాదు. క్లాసులోనూ ఇంతే. ఒక్కచోట కుదురుగా కూర్చోదు. చుట్టూ ఉన్నవాళ్ళని కూర్చోనివ్వదు. పరీక్షలు రాయనిస్తాం. మూడో తరగతికి మాత్రం వేరే బడి చూసుకోండి. శనివారం సైన్స్ డే పెట్టుకున్నాం, అది అయిపోనివ్వండి. సోమవారం వచ్చి టీసీకి అర్జీ రాసివ్వండి."

ఆయన కసురుకోలేదు. కసురుకుని ఉంటే ఏడవడానికైనా వీలుండేది. మెత్తగా చెప్పి, ఫోను మోగితే మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. గుల్జార్ కూతురి రిబ్బను ముడి వేసింది. వేళ్ళు వణికి ముడి రెండుసార్లు జారింది.

"ఎందుకే వంగావు?"

"రిబ్బను ఊడింది కదమ్మా. ముందు పిల్ల నెత్తిన పడింది. తీసుకుందామని."

గేటు దగ్గర సైన్సు టీచరు శ్రీరమ్య వెనకాలే వచ్చి అందుకుంది. నిరుడే బీఈడీ అయిపోయిన అమ్మాయి. చేతిలో ఖాళీ పాలపొడి డబ్బా, నల్ల కాగితంలో చుట్టిన చిన్న కట్ట ఉన్నాయి. "సైన్స్ డేకి నగ్మాకి ఇదిచ్చానండీ. పిన్‌హోల్ కెమెరా. లెన్సు ఉండదు, బటన్ ఉండదు. డబ్బాకి ఒక కన్నం, లోపల ఫోటో కాగితం. అంతే. చీరాలలో మూసేసిన స్టూడియో వాళ్ళ దగ్గర కాగితం దొరికింది. తలా మూడు ముక్కలు వచ్చాయి. కన్నం మీరు చెయ్యండి. సూది పట్టే చెయ్యి కదా మీది."

"ఈ పిల్లతో అయ్యే పనేనా టీచరుగారూ ఇది? ఇందాక సారు..."

"విన్నాను," అంది శ్రీరమ్య, గొంతు తగ్గించి. "అందుకే ఇస్తున్నాను."

*

వాళ్ళది పరుపుల ఇల్లు. రోడ్డు మీదికి ఉన్న గదిలో దూది ఏకే మిషను. దర్శి వైపు నుంచి వచ్చిన పత్తి, పాత పరుపుల్లోంచి తీసిన గట్టి ఉండలు, అన్నీ అందులో పడి నురగలాగా బయటికి వస్తాయి. ఇంట్లో అన్నం మీద నూగు, తలల మీద నూగు, దీపం మీద నూగు. మిషను దగ్గర గుల్జార్ భర్త జాన్ బాషా. అత్త ఖాజాబీ నేల మీద కాళ్ళు చాపుకుని దబ్బనంతో పరుపు అంచు కుడుతుంది.

గుల్జార్ ఆ సాయంత్రం ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. నల్ల గుడ్డ తీసి రెండు పొరలుగా మడిచి సంచీ కుట్టింది. చేతులు దూర్చడానికి రెండు పక్కలా బిగువు రబ్బరు పెట్టి గొట్టాలు పెట్టింది. కాగితాన్ని వెలుగు తాకకుండా ఆ సంచీలోనే డబ్బాలో పెట్టాలని టీచరు ఫోనులో చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. గుల్జార్ మనసు సోమవారం దగ్గరే ఉండి సగం చెవిన పడలేదు.

కన్నం పొడవాల్సి వచ్చినప్పుడు, ఆ ఇంట్లో ఏది పొడవాలన్నా చెయ్యి దేనిమీదికి పోతుందో దానిమీదికే పోయింది. అత్త దగ్గర దబ్బనం తీసుకుని, డబ్బా నడుముకి ఆనించి, కత్తెర పిడితో ఒక్క దెబ్బ వేసింది.

మర్నాడు సాయంత్రం ఎండ వాకిట్లోకి వాలినప్పుడు డబ్బాని ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించలేదు. ఆ ఇంట్లో ఏ వస్తువైనా పెట్టేది పరుపుల దొంతర మీదే. డబ్బాని కూడా అక్కడే పెట్టి, కన్నానికి అంటించిన నల్ల టేపు పీకింది. ఎదురుగా రోడ్డు, రోడ్డవతల టీ బంకు. కాసేపుండి టేపు వేసింది.

బుధవారం మధ్యాహ్నం శ్రీరమ్య దాన్ని కడిగి చూపించింది. కాగితం నిండా బూడిద రంగు మసక. ఎక్కడో బంకు కప్పు లాంటి మచ్చ.

"దూది ఏకినట్టుందండీ," అంది శ్రీరమ్య, నవ్వాపుకుంటూ. "దేంతో పొడిచారు?"

"దబ్బనంతో."

"దేనిమీద పెట్టారు?"

"పరుపు మీద."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. సారు ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి గుల్జార్ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుతో చెవులు తెరుచుకున్నట్టయి, ఈసారి ఒక్కొక్క మాటా పట్టుకుంది.

"కన్నం పెద్దదైతే వెలుగు గుంపుగా వచ్చి పడుద్ది. ఒక చుక్క నుంచి వచ్చిన వెలుగు కాగితం మీద చుక్కగానే పడాలి, అప్పుడే బొమ్మ తేటగా ఉంటది. అట్లాగని మరీ సన్నంగా పోయినా మళ్ళీ మసకే. ఈ డబ్బా లోతుకి మీ అతి సన్న సూది మొన సరిపోతుంది. ఇంకోటి, డబ్బా రేకు మందం. మందం రేకులో కన్నం సొరంగంలా అయిపోద్ది. కూల్‌డ్రింకు టిన్ను కోసి, ఆ పలచటి రేకు ముక్కలో కన్నం చెయ్యండి."

"మరి దబ్బనం కన్నం?"

"అది ఉండనివ్వండి. కిటికీ అనుకోండి. లోపలి నుంచి దానికి ఈ రేకు అంటించండి. పర్లేదు, మీరు చేసిన తప్పు పనికొచ్చే తప్పే."

*

ఆ సాయంత్రం గుల్జార్ గడప మీద ఎండలో కూర్చుంది. టిన్ను రేకు ముక్కని మడత లేకుండా సాపు చేసి, పాత అట్ట మీద పెట్టింది. జాకెట్ల మీద పూసలు కుట్టే సూదితో ఒక్కసారిగా పొడవలేదు. నిలబెట్టి, వేలి కొసతో నొక్కుతూ అటూ ఇటూ తిప్పింది. రేకు వెనక సన్నటి బుడిపె లేచింది. జాన్ బాషా దగ్గర అడిగి తెచ్చిన సన్న గరుకు కాగితంతో ఆ బుడిపెని అరగదీసింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అరగదీసింది. వేలితో తడిమితే ఏమీ తగలనంత దాకా ఆ పనే చేసింది. తర్వాత కంటికి ఆనించి ఆకాశం వైపు చూసింది. వెలుగు చుక్క గుండ్రంగా, అంచు చెదరకుండా నిలబడింది.

ఆ చుక్కని చూస్తున్నంతసేపూ తన చెయ్యి వణకలేదని రేకు కిందికి దించాక గమనించింది.

"నాకు, నాకు," అని నగ్మా లాక్కుంది. కన్ను పెట్టి చూసి, "అమ్మా, దీనిలో నుంచే నేను మొత్తం పడతానా? నా రెండు జడలు కూడానా?"

"నాన్నమ్మ మొత్తం పడుద్ది. నువ్వు కాదు. నువ్వు కదులుతావు."

అనేసి గుల్జార్ నాలుక కరుచుకుంది. సారు మాట తన నోట్లోంచి వచ్చింది. నగ్మా మాత్రం అదేమీ పట్టించుకోకుండా డబ్బా లోపల నల్ల రంగు పూసే పనిలో పడిపోయింది. మెరిసే రంగైతే వెలుగు లోపల గోడలకి తగిలి ఎగురుతుందని, మెరవని రంగే పూయాలని టీచరు చెప్పిందట. మూత అంచు చుట్టూ కూడా నల్ల టేపు తిప్పింది. చేతులూ ముక్కూ నల్లగా అయ్యాయి.

పరుపుల దొంతర మీద కాకుండా డబ్బాని సిమెంటు అరుగు మీద పెట్టి, పైన తూకపు రాయి ఉంచారు. ఖాజాబీ ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుంది.

"ఏందమ్మా, ఎంతసేపు కూర్చోవాలి? కుట్టు మధ్యలో వదిలొచ్చా."

"ఎక్కాలు చదివినంతసేపు అత్తా. రెండో ఎక్కం నుంచి ఏడో ఎక్కం దాకా. కళ్ళు ఆర్పుకోవచ్చంట, తల మటుకు కదలకూడదు."

"అదెంతసేపో నాకేం తెలుసు, నేనేమన్నా బడికి పోయానా," అంటూనే ఖాజాబీ కొంగు సర్దుకుని బిగుసుకుపోయింది.

గురువారం కడిగితే, పీట స్పష్టంగా వచ్చింది, గోడ పెచ్చులు కూడా వచ్చాయి. ఖాజాబీ తల చుట్టూ మాత్రం తెల్లమబ్బు కమ్మింది. టీచరుకి కూడా అంతుపట్టలేదు. ఇంటికొచ్చాక నగ్మా డబ్బా ఎత్తి సూర్యుడి వైపు పెట్టి, కన్నంలోకి కన్ను పెట్టి, గట్టిగా అరిచింది. "అమ్మా! కన్నానికి మీసం మొలిచింది!"

దూది నూగు. ఒకే ఒక్క పోగు, కన్నానికి అడ్డంగా. ఈ ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ పడుతుంది అది?

సూదితో పొడిచి తీయబోయిన జాన్ బాషా చేతి మీద గుల్జార్ ఒక్కటి వేసింది. "పొడిస్తే అంచు పోద్ది. ఊదు. మెల్లిగా ఊదు. ముందు పోయి మిషను ఆపు."

"ఫోటో కోసం మిషను ఆపమంటావా? సెల్లు తీసి టక్కున కొట్టక, ఈ డబ్బా పూజేందే?"

"ఆపమన్నానా!"

పెళ్ళయినప్పటి నుంచి ఆ గొంతు జాన్ బాషా వినలేదు. వెళ్ళి మిషను ఆపాడు. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, టీ బంకు వాడు తల బయటికి పెట్టి చూశాడు.

ఒకే కాగితం మిగిలింది. నల్ల సంచీలో చేతులు దూర్చి, గుల్జార్ తడి వేలితో కాగితం మూల తాకింది. వేలికి కొంచెం అంటుకున్న వైపు వెలుగుని పట్టే మందు ఉన్న వైపు. ఆ వైపు కన్నానికి ఎదురుగా ఉండేట్టు డబ్బా గోడకి వంచి పెట్టి, మూత బిగించి బయటికి తీసింది. ఖాజాబీ మళ్ళీ కూర్చోనంది. నడుం పట్టేసిందట.

"నేను కూర్చుంటా," అంది నగ్మా.

గుల్జార్ పీట కూతురి వైపు జరిపింది. వద్దంటే ఈ కాగితం మిగులుతుంది. మిగిల్చుకుని ఏం చేసుకుంటుంది?

"టీచరు ఏం చెప్పిందో తెలుసా అమ్మా? ఫోనైతే టక్కున లాక్కుంటదంట. ఇదట్ట కాదంట. వెలుగు లోపల కూర్చుని కొంచెం కొంచెం నన్ను గీసుద్దంట. నేను కదిలితే, గీస్తన్నవాళ్ళ చెయ్యి పట్టుకు లాగినట్టంట." పీట మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది. "పాపం కదా, లాగితే."

టేపు పీకేటప్పుడు డబ్బా అదురుతుంది. అందుకని గుల్జార్ ముందు నల్ల అట్ట అడ్డం పట్టి, దాని వెనక టేపు తీసి, డబ్బా ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు అట్ట పక్కకి జరిపింది. రెండో ఎక్కం మొదలుపెట్టింది. మూడు, నాలుగు. అయిదో ఎక్కం మధ్యలో కూతురి వైపు చూడకుండా ఉండలేకపోయింది.

ఆ పిల్ల తన పిల్లలా లేదు. పెదాలు మూసుకుని, కళ్ళు ఆ సన్నటి కన్నం మీద నిలబెట్టి, పక్కనే పిల్లి నడిచి వెళ్ళినా చూపు తిప్పలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఈ మొహాన్ని ఆగి ఉండగా చూసింది నిద్రలోనే. మెలకువలో ఇది ఇట్లా ఉంటుందని గుల్జార్‌కి తెలియదు. ఏడో ఎక్కంలో ఏడార్లెంతో మర్చిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది.

*

శుక్రవారం శ్రీరమ్య ఫోటో కడిగింది. కడిగిన కాగితంలో ముందు నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. దాన్ని ఇంకో కాగితం మీద బోర్లించి, పైన గాజుపలక పెట్టి, లైటు వేసి ఆర్పి, రెండోదాన్ని కడిగితే అసలు బొమ్మ వస్తుంది. ఆ రెండోదానిలో నగ్మా పీట మీద కూర్చుని ఉంది. కనుబొమ్మలు, గౌను మీద గుండీలు, ముక్కు మీద నల్ల రంగు మరక కూడా. ఎర్ర రిబ్బన్లు కాటుకలా నల్లగా పడ్డాయి. ఆ కాగితానికి ఎరుపు కనపడదట.

తడి ఆరకముందే శ్రీరమ్య హెడ్మాస్టరు గదికి తీసుకెళ్ళింది. వెనక గుల్జార్, తలుపు దగ్గర.

యలమందగారు కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు. "బాగుంది. సెల్లులో తీసి ప్రింటు తీయించారా?"

"లేదు సార్. డబ్బాతోనే. దాదాపు రెండు నిమిషాలు కూర్చుంది."

"రెండు నిమిషాలు! ఈ పిల్ల!" ఆయన నవ్వి ఫోటో బల్ల మీద పెట్టారు. "రమ్యా, పిల్లల్ని ప్రోత్సహించమన్నాను గానీ, ఇట్లాంటివి రేపు వచ్చినవాళ్ళ ముందు చెప్పబాకమ్మా. ప్రెజర్ కుక్కర్ మీద విజిలు ఎంతసేపు కూర్చుంటదో ఆ పిల్లా అంతే."

అక్కడున్న ఇద్దరు టీచర్లు నవ్వారు. గుల్జార్ తలుపు దాటి లోపలికి వచ్చింది. పైట చెంగు కోసం చెయ్యి వెళ్ళి, సగంలో ఆగిపోయింది.

"రేపు మీ ముందే తీస్తాం సార్," అంది.

అందరూ ఆమె వైపు చూశారు. ఆ తర్వాత మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో గుల్జార్‌కే తెలియదు. "క్లాసు మొత్తాన్నీ కూర్చోబెట్టండి. నా కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టండి. మీరు కూడా కూర్చోండి. అది కదిలి ఫోటో చెడిపోతే సోమవారం దాకా ఎందుకు, రేపే అర్జీ రాసిస్తా. కదలకపోతే మూడో తరగతిలో కూర్చోనివ్వాలి."

గదిలో ఎవరూ నవ్వలేదు. యలమందగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "సరేనమ్మా," అన్నారు. "నాదేం పోయింది."

బయటికి వచ్చాక గుల్జార్ వరండా స్తంభం పట్టుకుంది. "ఏం మాట్లాడాను టీచరుగారూ నేను?"

"నాకు రాని మాటలు మాట్లాడారు," అంది శ్రీరమ్య.

*

శనివారం పదిగంటల ఎండ బడి ముందు పరుచుకుంది. మెట్ల మీద క్లాసంతా వరసలుగా కూర్చుంది. నిలబడితే ఊగుతారని, అందర్నీ కూర్చోబెట్టమని శ్రీరమ్యే చెప్పింది. ఎండ పిల్లల మొహాల మీద, డబ్బాకి వెనక నుంచి. యలమందగారు నడిమి కుర్చీలో. ఆయన మోకాళ్ళ దగ్గర, పీట మీద నగ్మా. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు గేటు దాకా నిండిపోయారు. జాన్ బాషా మిషను మూసి వచ్చాడు. ఖాజాబీ గోడ నీడన నిలబడి నోట్లో ఏదో చదువుకుంటోంది.

గుల్జార్ కన్నం రెండుసార్లు వెలుగులోకి పెట్టి చూసింది. మీసం లేదు. శ్రీరమ్య ఇచ్చిన కొత్త కాగితం పెట్టిన డబ్బా బల్ల మీద, బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు, పైన తూకపు రాయి.

"నగ్మా, బాత్రూముకి పోయొచ్చావా?"

"అమ్మా!" అంది నగ్మా సిగ్గుపడి. పిల్లలు ఘొల్లుమన్నారు.

"మొదలుపెడుతున్నా సార్. కదలమాకండి."

అట్ట అడ్డం పెట్టింది. టేపు తీసింది. డబ్బా ఆగింది. అట్ట జరిపింది. రెండో ఎక్కం.

మూడో ఎక్కంలో పై వరసలో ఒకడు పక్కవాడిని గిల్లాడు. నాలుగో ఎక్కంలో యలమందగారి జేబులో ఫోను మోగింది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది, బయటికి వచ్చింది, ఎవరిదా అని తల వంగింది, నొక్కి ఆపి మళ్ళీ తలెత్తి నవ్వు పెట్టుకున్నారు. టీచర్లలో ఒకావిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

అప్పుడే గేటు ముందు నుంచి మిరపకాయల లారీ కోల్డు స్టోరేజీ వైపు తిరిగింది. మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. స్పీడు బ్రేకరు మీద లారీ ఎగిరిపడేసరికి వెనక ఏదో టిక్కీ పిగిలి, ఎర్రటి దుమ్ము గోడ మీదుగా బడిలోకి దూకింది.

ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి కూడా ఆ ఘాటు ఘాటే. ముందు గేటు దగ్గర జనం దగ్గారు. తర్వాత పై వరస తుమ్మింది. ఆ తర్వాత అన్ని వరసలూ. ఎవరు దగ్గుతున్నారో, ఎవరు తుమ్ముతున్నారో తెలియలేదు. యలమందగారు రుమాలు ముక్కుకి పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగిపోతున్నారు. గుల్జార్ గొంతులో నిప్పు పడింది. దగ్గితే ఊపిరి డబ్బాకి తగులుతుందని మొహం పక్కకి తిప్పి, పైట నోట్లో కుక్కుకుంది. అట్ట వేసేద్దామా అనిపించింది. వేసి, దుమ్ము పోయాక మళ్ళీ తియ్యొచ్చు. టీచరు ఆ ఉపాయం కూడా చెప్పింది. కానీ నగ్మా వైపు చూసి ఆగిపోయింది.

కూతురి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు కారి పెదవి దాకా వచ్చింది. చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. చూపు కన్నం మీదే ఉంది. ఊపిరి పీలుస్తోందో లేదో కూడా తెలియడం లేదు. అంత గోలలో ఆ పిల్ల ఒక్కతీ ఎవరిదో చెయ్యి లాగకూడదని కూర్చుంది.

ఆరో ఎక్కం. ఏడో ఎక్కం. ఏడార్లు నలభైరెండు. ఏడేళ్ళు నలభైతొమ్మిది. ఏడు పదులు డెబ్భై.

అట్ట అడ్డం పడింది. "అయిపోయింది!" అంది గుల్జార్. నగ్మా అప్పుడు తుమ్మింది. జడలు రెండూ గాల్లోకి లేచి పడేంత తుమ్ము.

కిటికీలకి నల్ల గుడ్డలు కట్టిన ల్యాబులో ఎర్ర బల్బు కింద ఇరుక్కుని నిలబడ్డారు. యలమందగారు కూడా వచ్చారు. ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. "ఫోటో ఏం వచ్చుద్దమ్మా ఇది, అందరం కదిలాం," అన్నారు. శ్రీరమ్య జవాబు చెప్పలేదు. మొదటి కాగితాన్ని రెండోదాని మీద బోర్లించి, లైటు వేసి ఆర్పింది. తెల్లటి కాగితాన్ని ట్రేలోకి జార్చి ఒక కొస పట్టుకుని ఊపింది.

ముందు నగ్మా రిబ్బన్లు వచ్చాయి. నీళ్ళలోంచి రెండు నల్ల సీతాకోకచిలకలు తేలినట్టు. తర్వాత నుదురు, కళ్ళు, ముక్కు, మూసుకున్న పెదాలు. మోకాళ్ళ మీద వేళ్ళు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత తేటగా. ఆమె చుట్టూ మెల్లగా ఏదో పొగ లేచింది. ఆ పొగే క్లాసు. తలలు తలల్లో కలిసిపోయాయి. చొక్కాలు గాలికి చెదిరాయి. నడిమి కుర్చీ గట్టిగా పడింది. కుర్చీలో చొక్కా ఉంది, చొక్కా పైన మబ్బు ఉంది.

"సార్," అంది తలుపు సందులోంచి తొంగి చూసిన పిల్ల ఒకతె, "మీకు మొహం లేదు సార్."

ఎవరూ నవ్వే ధైర్యం చెయ్యలేదు. యలమందగారు ట్రే మీదికి వంగి చాలాసేపు చూశారు. ఎర్ర వెలుగులో ఆయన మొహం ఏమైందో కనపడలేదు. శ్రీరమ్య కాగితాన్ని ఇంకో మందులో వేసి, నీళ్ళలో ముంచి తీసింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తలుపు తోసుకుని ఎండలోకి నడిచారు. అందరూ ఆయన వెనకాలే. అక్కడ నిలబడి, నీళ్ళు కారుతున్న ఫోటోని చెయ్యి చాచి పట్టుకుని మళ్ళీ చూశారు.

"నేనింత కదుల్తానని నాకు తెలీదు," అన్నారు చివరికి, తనలో తను అన్నట్టు.

అప్పుడు జాన్ బాషా పకాల్న నవ్వాడు. ఆ తర్వాత ఇంకెవరినీ ఆపడం కాలేదు. పిల్లలు ఫోటో చుట్టూ మూగి తమ మబ్బు ఏదో వెతుక్కుంటున్నారు. నీది ఇది, కాదు నాది ఇది అని కొట్టుకుంటున్నారు. యలమందగారు కూడా నవ్వారు. నవ్వు ఆగాక ఫోటోని శ్రీరమ్యకిచ్చి, నగ్మా కోసం చూశారు. నగ్మా అప్పటికే బల్ల కింద దూరి అట్టముక్కలు ఏరుతోంది.

"నగ్మా. ఇంకో కాగితం ఉందా?"

"టీచరు దగ్గర ఉంది సార్."

"నాది ఒకటి తియ్యి. ఒక్కడిదే."

కుర్చీ ఎండలోకి లాగారు. ఆయన కూర్చుని, చొక్కా సర్దుకుని, గడ్డం ఎత్తారు. డబ్బాలో కాగితం పెట్టి గుల్జార్ తీసుకొచ్చేసరికి నగ్మా ఆయన చుట్టూ తిరుగుతూ పని చెబుతోంది.

"ఫోను పక్కన పెట్టండి సార్. కాళ్ళు ఊపబాకండి. వీపు కుర్చీకి ఆనించండి, ఆనిస్తే ఊగరు. కన్నం ఒక్కటే చూడండి. అటూ ఇటూ చూస్తే కనుగుడ్డు మసకైపోద్ది."

"సరే."

"మా అమ్మ ఏడో ఎక్కం అయిపోయేదాకా."

"సరేనమ్మా."

అట్ట ఈసారి నగ్మా పట్టుకుంది. గుల్జార్ టేపు తీసి వెనక్కి జరిగింది. డబ్బా ఆగింది. నగ్మా అట్ట జరిపింది.

యలమందగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నారు. మూడో ఎక్కం దాకా బాగానే ఉన్నారు. నాలుగులో గొంతు సవరించుకున్నారు. తర్వాత, పెదాలు వీలైనంత తక్కువ విప్పి, పళ్ళ మధ్య నుంచి అన్నారు.

"గుల్జార్‌గారూ, సోమవారం మీరు రానక్కర్లేదు. జూన్లో మూడో తరగతిలో నగ్మాకి ముందు బెంచీ..."

"సార్!" అని కసిరింది నగ్మా. "పెదాలు కదుల్తన్నాయి!"

ఆయన ఠక్కున నోరు మూసుకున్నారు. గుల్జార్ ఎక్కం ఎక్కడ ఆపిందో తెలియక, నవ్వు ఆపుకోలేక, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా రెండో ఎక్కం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.